మత్రా బజారులో బేరం, మన తాతల మౌనం

మా నాయనమ్మకు బేరమాడడం రాదు. ఆదివారం ఫ్లాక్ సంతలో వంకాయల గుట్ట ముందు కూర్చుని, అమ్మేవాడు ఎంత అంటే అంత, కొంగుముడి విప్పి లెక్కపెట్టి ఇచ్చేది. పక్కనున్నవాళ్ళు అదే గుట్టను సగం ధరకు పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకునేది. మా అమ్మ విసుక్కునేది: "అత్తయ్యా, అడిగితే వాడేమన్నా కొడతాడా?" దానికి నాయనమ్మ చెప్పే సమాధానం ఒక్కటే: "అడగడం అలవాటు లేదే తల్లీ."

చిన్నతనంలో ఆ మాట విని నవ్వుకున్నాను. దాని అర్థం చాలా ఏళ్ళ తర్వాత, సముద్రానికి ఆవలి ఒడ్డున, ఒమాన్ దేశపు మత్రా బజారులో తెలిసింది. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడి ఇంట రెండు వారాలు ఉండే అవకాశం కలిగినప్పుడు, రోజూ సాయంత్రం ఆ బజారుకు వెళ్ళి కూర్చునేవాణ్ణి. కొన్నది తక్కువ, విన్నది ఎక్కువ. ఉప్పుకీ చీరకీ పావలా తగ్గించమని అడగడం చరిత్రలో చెప్పుకోదగిన విషయమా అని పాఠక మహాశయులు అనుకోవచ్చు. అవునని విన్నవించుకోవడానికే ఈ వ్యాసం.

మత్రా, దాని ఇరుగుపొరుగు

మస్కట్ పాత కోట ఒక కొండ సందులో ఉంటే, మత్రా దాని పక్క రేవులో ఉంది. వెనుక నల్లని రాతి కొండలు, ముందు అర్ధచంద్రాకారపు సముద్రతీరం. ఆ తీరపు వీధి నుండి లోపలికి పోయే ఇరుకు సందులే మత్రా బజారు. అరబ్బీలో బజారును సూక్ అంటారు. ఈ బజారులో ఒక భాగానికి 'చీకటి సూక్' అని పాత పేరు కలదు. ఎండ చొరకుండా పైన ఈతాకుల కప్పు, ఇరుపక్కలా అంగళ్ళు. పట్టపగలు కూడా లోపల మసక చీకటిగా ఉండేదట. ఈనాడు దీపాలు ధగధగలాడుతున్నా పేరు మాత్రం నిలిచింది.

ఆ అంగళ్ళలో ఏమి దొరుకుతుందని అడిగితే, ఏమి దొరకదని అడగవలసి ఉంటుంది. ఒమానీ మగవారు నెత్తిన పెట్టుకునే కుమ్మా టోపీలు, నడుముకు కట్టుకునే వంకీ కత్తులైన ఖంజర్లు, దక్షిణాన దోఫార్ కొండల చెట్ల నుండి కారిన లుబాన్ అనే ధూపపు బంక, అత్తరు, గోరింటాకు పొడి, వెండి కడియాలు, ఇత్తడి కాఫీ పాత్రలు, వాటి పక్కనే ప్లాస్టిక్ బకెట్లు, దుప్పట్లు, పిల్లల చొక్కాలు. యాత్రికులు కొనేది మొదటి రకం. మనవారు కొనేది రెండవ రకం.

ఈ బజారుకు భారతదేశంతో ఉన్న చుట్టరికం నిన్నటిది కాదు. 13వ శతాబ్దంలో మార్కో పోలో తన గ్రంథంలో ఒమాన్ తీరంలోని ఖల్హాత్ రేవు నుండి గుర్రాలు ఓడలకెక్కి భారతదేశానికి పోయేవని రాశాడు. ఆ గ్రంథంలోనే ఒక రాణి ఏలుబడిలోని ముత్ఫిలి అనే రాజ్యాన్ని, అక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను వర్ణించాడు. ఆ ముత్ఫిలి మన మోటుపల్లి. రాణి కాకతి రుద్రమదేవి. ఆమె తండ్రి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ, సుంకం ఇంతకు మించదని శిలమీద చెక్కించిన రేవు అదే. ఒకే యాత్రికుని పుస్తకంలో ఒమాన్ రేవూ తెలుగు రేవూ రెండూ కనిపిస్తాయి. మధ్యనున్న నీటిని మన పూర్వులు గోడగా కాక బాటగానే చూశారు.

ఆ తదుపరి కచ్, సింధు ప్రాంతాల వర్తకులు మస్కట్‌లో కాళ్ళూనుకున్నారు. పోర్చుగీసువారు 1507లో మస్కట్‌ను పట్టుకుని దాదాపు ఒకటిన్నర శతాబ్దం ఏలారు. 1650లో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ సేనలు వారిని వెళ్ళగొట్టాయి. ఆ కోట పతనం వెనుక నరోత్తమ్ అనే బనియా వర్తకుడున్నాడని ఒమానీల చరిత్ర కథ ఒకటి చెబుతుంది. కోటకు తిండిగింజలు సరఫరా చేసేది అతడే. అధికారి అతని కూతురిని పెళ్ళికి అడిగి ఒత్తిడి చేస్తే, అతడు ఒప్పుకున్నట్టు నటించి, గడువు అడిగి, పాత ధాన్యం మార్చాలనీ నీటితొట్లు కడగాలనీ నెపం పెట్టి కోటను ఖాళీ చేయించాడట. ఆ పైన ఇమాముకు కబురంపాడట. ఇందులో ఎంత నిజమో ఎంత కల్పనో అటుంచి, ఒక వర్తకుడు గడువు అడిగి గెలిచాడని జనం చెప్పుకోవడం గమనించదగ్గది. బేరంలో మొదటి ఆయుధం గడువే కదా!

కచ్‌లోని మాండ్వి రేవు నుండి వచ్చినవారు 19వ శతాబ్దంలో స్థాపించిన దుకాణాలు కొన్ని ఈనాటికీ పెద్ద సంస్థలుగా ఉన్నాయి. రతన్‌సీ పురుషోత్తమ్ దుకాణం 1867 నాటిది, ఖిమ్జీ రాందాస్ 1870 నాటిది. మత్రా తీరంలోనే ప్రహరీగోడ చుట్టిన పేట ఒకటుంది. అందులోని లవాతీయా కుటుంబాలవారు ముస్లిములు, ఒమానీ పౌరులు. అయినా వారి ఇంటి భాషకు మూలం సింధు ప్రాంతంలో ఉంది. అందువల్ల మత్రా బజారులో హిందూస్థానీలో బేరమాడడం పరాయి వ్యవహారం కాదు. తెల్లని దిష్‌దాషా తొడిగిన ముసలి ఒమానీ సేటు "కిత్నా దేగా?" అని మనల్నే ముందు అడుగుతాడు.

మన నాలుక మీది బజారు మాటలు

అక్కడ కూర్చుని వినగా నాకు ఒక వింత తోచింది. మన తాతలు కోరంగి రేవు నుండి మూటలో తెచ్చుకున్న తెలుగులో, బజారుకు సంబంధించిన మాటలు సగం ఆ బజారులోనే వినిపిస్తున్నాయి. దుకాణం అక్కడ దుక్కాన్. నగదు అక్కడ నఖ్ద్. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడే దళారి అక్కడ దల్లాల్. మూటలు మోసే హమాలీ అక్కడ హమ్మాల్. ఇచ్చిన నోటులో మిగిలిన చిల్లర అక్కడ బాఖీ, మనకు మాత్రం బాకీ అంటే తీర్చవలసిన అప్పు! ఇచ్చేవాడికి మిగిలినది వాళ్ళ బాకీ, ఇవ్వవలసినవాడికి మిగిలినది మన బాకీ. ఒక్క మాటలో రెండు జాతుల అనుభవం దాగి ఉన్నట్టు నాకు తోచింది.

మన వేలం అనే మాటకు మూలం పోర్చుగీసు లైలావ్ అనీ, ఆ పోర్చుగీసు మాట కూడా 'చాటింపు' అనే అర్థమున్న అరబ్బీ మాట నుండి పుట్టిందనీ భాషావేత్తలు చెబుతారు. అంటే అరబ్బుల చాటింపు పోర్చుగీసు ఓడ ఎక్కి మన తీరాన వేలంగా దిగింది.

14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా ఖల్హాత్ జనం ప్రతి మాట చివరా 'లా', అనగా 'కాదు' అని చేరుస్తారని వింతపడ్డాడు. 'తింటావు, కాదూ? వెళతావు, కాదూ?' అన్నట్టు. ఆయనకు వింత కావచ్చు, తెలుగువాడికి కాదు. బేరంలో మనకు సగం పని చేసిపెట్టేది ఆ 'కాదూ' యే: "ఇంతకే ఇస్తానన్నావు కాదూ?"

ధర ఒక బేరం, నాణెం ఒక బేరం

పాత మస్కట్‌లో కొనేవాడు రెండుసార్లు బేరమాడవలసి వచ్చేది. మొదటిది సరుకు ధరకు, రెండవది చేతిలోని నాణేనికి. అక్కడ ఒకేసారి రెండు మూడు రకాల డబ్బు నడిచేది. ఒకటి ఆస్ట్రియా దేశపు మహారాణి మరియా థెరీసా బొమ్మ ఉన్న వెండి నాణెం. ఎప్పుడు ముద్రించినా దాని మీద 1780 అనే ఉంటుంది. తూకం ఇంచుమించు 28 గ్రాములు. మోసపోకుండా ఉండడానికి అరబ్బులు రాణి బొమ్మ మీది ముత్యాలను వేలితో లెక్కపెట్టి చూసుకునేవారు. రెండవది మన భారత రూపాయి. వెండి ధర మారినప్పుడల్లా థెరీసా నాణేనికి ఎన్ని రూపాయలన్నది మారేది. నిన్న లాభమైన బేరం ఈవేళ నష్టం కావచ్చు. మూడవది చిల్లర. సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ 19వ శతాబ్దపు చివర పావు అణా రాగి నాణేలు కొట్టించాడు. అణా మనదే, పైసా మనదే. ఆ పైసాయే అరబ్బు నోట బైసా అయి ఈనాటికీ ఒమాన్ చిల్లర పేరుగా నిలిచింది.

భారత స్వాతంత్ర్యానంతరం కూడా ఆ తీరంలో రూపాయే నడిచింది. ఆ మార్గాన బంగారం దొంగరవాణా పెరిగి విదేశీ మారకం కరిగిపోతుందని 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం వేరు రంగుల్లో ప్రత్యేక నోట్లు ముద్రించింది. 1966 జూన్‌లో భారతదేశం రూపాయి విలువ తగ్గించగానే పొరుగు రాజ్యాలు ఒక్కొక్కటే వేరే డబ్బుకు మారాయి. మస్కట్ మాత్రం 1970 వరకు ఆ రూపాయితోనే ఉండి, ఆ ఏడాది 21 రూపాయలకు ఒక సైదీ రియాల్ చొప్పున మార్చుకుంది. తర్వాత దానికే ఒమానీ రియాల్ అని పేరు వచ్చింది. ఒక రియాలుకు 1000 బైసాలు. మన ద్వీపం కూడా 1870ల నుండి రూపాయి నీడలోనే ఉంది. మన జేబులో నేటికీ రూపాయి అనే పేరే ఉన్నది కదా. ఒకే నాణెం ఇద్దరినీ కలిపింది. తేడా ఏమిటంటే, అక్కడ అది బేరమాడేవాడి చేతిలో తిరిగింది, ఇక్కడ మన పూర్వుల ఒప్పందపు కాగితంలో బంధింపబడింది. ఆ సంగతికి ముందు ముందు వస్తాను.

బేరం నడిచే తీరు

మత్రాలో బేరం జగడం కాదు, ఒక మర్యాద. ముందు సలాము, కుశలప్రశ్న. తర్వాతే వస్తువు మీద చెయ్యి. "కమ్?" అంటే ఎంత అని. అతడొక ధర చెబుతాడు. "గాలీ" అంటే చాలా ఎక్కువ అని. మనం ఒక ధర చెబుతాము. అతడు నవ్వి, ఆ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు చెబుతాడు. పాత దుకాణమైతే చిన్న గిన్నెలో కాఫీ వస్తుంది, దానితో ఒక ఖర్జూరం. చివరికి "ఆఖిర్ కమ్?", అనగా ఆఖరి మాట ఎంత? ఈ ఆఖరి మాట తర్వాత కూడా రెండు మూడు ఆఖరి మాటలుంటాయి. లేచి నాలుగు అడుగులు నడిస్తే వెనుక నుండి పిలుపు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చిందంటే ధర దిగినట్టు, రాలేదంటే మనం అడిగినది గిట్టుబాటు కానిదని తెలిసినట్టు. రెండూ జ్ఞానమే. అయితే ధర ఒప్పుకున్నాక కొనకుండా పోవడం మాత్రం అక్కడ పెద్ద తప్పు.

మన కొసరు కూడా అక్కడ ఉంది. లుబాన్ తూచి పొట్లం కట్టాక మరి నాలుగు పలుకులు పైన వేసి ఇచ్చాడు ఒక ముసలాయన. బంగారం దుకాణంలో మటుకు పద్ధతి వేరు. ఆనాటి బంగారం ధర గోడ మీద వెలుగుతూ ఉంటుంది, దానికి బేరం లేదు. బేరమంతా మజూరీ మీదనే. ఈ తేడా తెలియనివాడు బంగారం ధర మీద గంట వాదించి, మజూరీ అడిగినంత ఇచ్చి వస్తాడు.

మస్కట్‌కు లోపల, కొండల నడుమ నిజ్వా అనే పురాతన నగరం కలదు. అక్కడ ప్రతి శుక్రవారం పొద్దున్నే మేకల, పశువుల పాట జరుగుతుంది. గుండ్రని అరుగు చుట్టూ కొనేవారు నిలబడతారు. అమ్మేవారు మేకను చంకన పెట్టుకునో, ఆవును పలుపుతో లాక్కునో ధర అరుస్తూ గిరగిర తిరుగుతారు. కొనదలచినవాడు చెయ్యెత్తి ఆపుతాడు, పళ్ళు చూస్తాడు, వెన్ను తడుముతాడు. పండుగల ముందు ఇటువంటి సంతలు చాలా ఊళ్ళలో ప్రత్యేకంగా జరుగుతాయి, వాటిని హబ్తా అంటారు. ఖర్జూరపు గెలలను చెట్టు మీద ఉండగానే పాట పెట్టి అమ్మే ఆచారమూ ఒమాన్‌లో ఉంది. ఆ దేశంలో మబ్సలీ అనే రకపు కాయలను పెద్ద రాగి కాగుల్లో ఉడికించి, ఎండబెట్టి, తరతరాలుగా భారతదేశానికి ఎగుమతి చేశారు. మన పెళ్ళి తాంబూలాల్లో గలగలలాడే ఎండు ఖర్జూరాల్లో ఎన్ని ఒమాన్ కాగుల్లో ఉడికాయో!

నోరు విప్పని బేరం ఇంకొకటుంది. గల్ఫు ముత్యాల వర్తకులు గుడ్డ కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వేళ్ళ నొక్కుళ్ళతో ధర చెప్పుకునేవారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ ధర తెలియదు. ఇది విని నాకు ఒళ్ళు పులకరించింది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే గోల్కొండ రాజ్యపు వజ్రాల గనుల దగ్గర సరిగ్గా ఇదే చూసి రాశాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, నడికట్టు కొస చేతుల మీద కప్పుకుని, చెయ్యంతా పట్టుకుంటే వెయ్యి, ఒక్క వేలైతే నూరు, వేలి సగమైతే యాభై, కొస కణుపైతే పది. ఆయన సందర్శించిన గనుల్లో కృష్ణా ఒడ్డున ఉన్న మన కొల్లూరు కూడా ఒకటి. ఆంధ్రదేశపు పశువుల సంతల్లో తువాలు కింద వేళ్ళు కలిపే దళారులు ఆ విద్యకు వారసులే.

ఈ బేరానికి ధర్మం కూడా ఉంది. ఇస్లాం న్యాయశాస్త్రం ప్రకారం, కొనేవాడూ అమ్మేవాడూ ఒకచోట నుండి విడిపోయేదాకా ఇద్దరికీ ఒప్పందం రద్దు చేసుకునే హక్కున్నదని పలువురు పండితుల మతం. ఒకడు బేరం చేస్తుండగా మధ్యలో దూరి ధర పెంచరాదు. కొనే ఉద్దేశం లేకుండా పాటలో ధర ఎక్కించడాన్ని నజ్ష్ అంటారు, అది నిషిద్ధం. సరుకులోని లోపం దాచరాదు. అంటే బేరం స్వేచ్ఛకు గుర్తు, కాని హద్దులున్న స్వేచ్ఛ. ఇద్దరూ కాదనగలిగి ఉండాలి. ఒకడు కాదనలేని స్థితిలో ఉంటే అది బేరం కాదు.

బేరానికి చీకటి వైపు

ఇక్కడనే మన కథ మొదలవుతుంది. మస్కట్ రేవులో ఒకప్పుడు మనుషులను కూడా అమ్మారు. తూర్పు ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసల ధరకు జరిగిన బేరంలో, బేరమాడని మనిషి ఒక్కడే, అమ్ముడుపోయేవాడు. ఆ ఆఫ్రికా బానిసల్లో ఎందరో మన ద్వీపపు చెరకు తోటలకూ చేరారు.

బ్రిటిషువారు 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించినా దొంగచాటుగా అది మన తీరానికి సాగుతూనే ఉంది. దాన్ని ఆపాలంటే ఒమాన్, జాంజిబార్ రెంటినీ ఏలుతున్న సయ్యద్ సయీద్ బిన్ సుల్తాన్ ఒప్పుకోవాలి. అందుకు పూనుకున్నవాడు మన మారిషస్ గవర్నరు ఫర్‌ఖర్. ఆయన తరఫున కెప్టెన్ మోర్స్బీ మస్కట్ వెళ్ళి 1822లో సయీద్ చేత ఒప్పందం చేయించాడు. సయీద్ ప్రజలు క్రైస్తవ రాజ్యాలవారికి బానిసలను అమ్మకూడదన్నది దాని సారాంశం. మస్కట్‌లో జరిగిన ఆ ఒక్క సంతకంతో మన ద్వీపపు తోటలకు బానిసల దారి ఇరుకైంది. 1835 ఫిబ్రవరి 1న ఇక్కడ బానిసత్వం రద్దయింది. దానికి మూడు నెలల ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ ఓడలో 36 మంది కూలీలు పోర్ట్ లూయీలో దిగారు. వారి వెనుక 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు వచ్చారు. మద్రాసు రేవు నుండి, కోరంగి రేవు నుండి మన తెలుగువారూ వచ్చారు.

సయీద్ సంగతి కూడా వినదగినది. మన మస్కరీన్ దీవుల్లో ఫ్రెంచివారు 18వ శతాబ్దంలో నాటిన లవంగపు మొక్కలే 19వ శతాబ్దపు తొలినాళ్ళలో జాంజిబార్ చేరాయి. సయీద్ అక్కడ లవంగపు తోటలు విస్తరింపజేశాడు. ఆ తోటల్లో పనిచేసినది బానిసలే. సుంకాల ఇజారా చాలాకాలం కచ్ వర్తకుడు జైరామ్ శివ్‌జీ కుటుంబం చేతిలో ఉండేది. అరబ్బు తోటయజమానులు అనేకులు భారతీయ వర్తకులకు అప్పుపడ్డారు. జాంజిబార్ బానిసల అంగడి 1873లో మూతపడింది. ఒమాన్‌లో బానిసత్వం చట్టరీత్యా రద్దయినది 1970లో. భారతీయుడు ఒకచోట వడ్డీ లెక్కలు రాసే సేటు, ఇంకొకచోట వేలిముద్ర వేసే కూలీ. ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా మన చరిత్ర పూర్తి కాదు.

మన పూర్వుల వేలిముద్ర కింద ఏమి రాసి ఉండేది? మామూలుగా ఐదేళ్ళ ఒప్పందం. మగవాడికి నెలకు 5 రూపాయలు, పైన రోజుకింత బియ్యం, పప్పు, కొంచెం నూనె, ఉప్పుచేప. ఆ 5 రూపాయలకు బేరం లేదు. ఎక్కిన ఓడకు బేరం లేదు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. ఆ 'రెండింతల కోత'కూ బేరం లేదు. తోట దుకాణంలో సరుకు ధర తోటదే, తూకం తోటదే. తర్వాతి కాలంలో ఊరూరా చీనీ అంగళ్ళు వచ్చాయి. ఆ అంగడివారు మంచివారే, కోత కాలం వచ్చేదాకా కార్నే పుస్తకంలో రాసుకుని అప్పిచ్చి ఎన్నో కుటుంబాల కడుపు నింపారు. కాని ఒక్క మాట. అప్పున్నవాడికి బేరం లేదు. పుస్తకంలో పేరున్నవాడు ధర తగ్గించమని ఏ నోటితో అడుగుతాడు?

మా నాయనమ్మ పుట్టింది తోట లయనులో. పెరిగింది ఆ కార్నే నీడలో. "అడగడం అలవాటు లేదే తల్లీ" అన్న మాటలో ఉన్నది అమాయకత్వం కాదు, మూడు తరాల మౌనం.

గోదావరి అక్కగారి దుప్పటి

ఈ సంగతులన్నీ నా మనసులో కలిసినది ఒక సాయంత్రం. ఒక దుప్పట్ల అంగడి ముందు తెలుగు వినిపించింది. గోదావరి జిల్లా నుండి వచ్చిన ఒక అక్కగారు, ఒక ఇంట్లో వంటపని. రెండేళ్ళకు సెలవు దొరికి ఊరికి పోతూ తల్లికి దుప్పటి కొంటున్నది. అంగడివాడు 7 రియాళ్ళన్నాడు, ఆమె 3 అన్నది. అతడు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె దుప్పటి మడత విప్పి అంచు కుట్టు చూపించింది. అతడు 6కు దిగాడు. ఆమె రెండు తీసుకుంటానన్నది. అరబ్బీ, హిందీ, తెలుగు కలగలిసిన ఆ భాషకు వ్యాకరణం లేదు గాని తడబాటు కూడా లేదు. అరగంటకు రెండు దుప్పట్లు 9 రియాళ్ళకు తెగాయి. అతడు ఓడిపోయినట్టు మొహం పెట్టి, నవ్వి, ఒక చిన్న అత్తరు సీసా కొసరు వేశాడు.

పలకరించి, "గట్టిదానివేనమ్మా" అన్నాను. ఆమె దుప్పట్లు సంచిలో కుక్కుతూ, "ఏం చెయ్యమంటారు బాబాయిగారూ, జీతం దగ్గర నోరెత్తే దారి లేదు. ఏజెంటు ఒక అంకె చెప్పాడు, ఇక్కడికొచ్చాక ఇంకో అంకె అయింది. నా మాట చెల్లేది ఈ బజారులోనే. అందుకే కొనేది లేకపోయినా శుక్రవారం ఒకసారి వచ్చి పోతాను" అన్నది.

నేను మాట్లాడలేకపోయాను. మా నాయనమ్మకు లేనిది ఈమెకు ఉంది. కాని నాయనమ్మను నొక్కిన చెయ్యి ఈమె భుజం మీద కూడా పూర్తిగా పోలేదు. ఒమాన్‌లో పరదేశి కార్మికుడు ఒప్పందం ముగిశాక కూడా పాత యజమాని అంగీకారపత్రం లేనిదే మరొకచోట చేరడానికి వీలుండేది కాదు. 2021 జనవరి నుండి ఆ నిబంధన తొలగింది. ఇది చిన్న మార్పు కాదు, ఎందుకంటే వేరేచోటికి పోగలిగినవాడే జీతం బేరమాడగలడు. మత్రాలో నాలుగు అడుగులు నడిచి చూసే కొనుగోలుదారుడి బలం అదే కదా. అయితే ఇంటి పనివారు ఆ దేశపు కార్మిక చట్టం కిందికి రారు, వారికి వేరే నిబంధనలున్నాయి.

బజారు కూడా మారుతోంది. ధర చీటీ అంటించి, అందరికీ ఒకే ధర అనే పద్ధతిని 19వ శతాబ్దంలో పారిస్‌లోని బాన్ మార్షే వంటి పెద్ద దుకాణాలు ప్రచారంలోకి తెచ్చాయి. ఒమాన్‌లో 2011లో వినియోగదారుల రక్షణకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఈనాడు అక్కడి పెద్ద అంగళ్ళలో బియ్యానికీ సబ్బుకీ బేరం లేదు, చీటీ మీది అంకె తుది మాట. అందులో న్యాయం లేకపోలేదు. భాష రానివాడు, బిడియస్తుడు, మా నాయనమ్మ వంటివాళ్ళు చీటీ ధర దగ్గర మోసపోరు. బేరంలో నోరున్నవాడు తక్కువకు కొని, నోరులేనివాడు ఆ నష్టం భరించడమూ ఉంది. ఆనాడు ఫ్లాక్ సంతలో జరిగింది అదే.

కాని చీటీ ధరలన్నీ ఒకటి కావు. దుకాణం గోడ మీది ధర నచ్చకపోతే బయటికి నడవవచ్చు. తోట దుకాణపు ధర నచ్చకపోతే మన తాతలకు నడవడానికి చోటు లేదు. ధర స్థిరమా, బేరమా అన్నది అసలు ప్రశ్న కాదు. కాదని లేచిపోయే కాళ్ళు మనకు ఉన్నాయా లేవా అన్నదే ప్రశ్న.

యువతీ యువకులకు ఒక మాట. మన పెద్దలు చదువుకు, భాషకు, గుడికి, ఓటుకు పోరాడి మనకు ఆ కాళ్ళు సంపాదించి పెట్టారు. ఈనాడు మన పిల్లలు లెక్కలు చదివి, ఉద్యోగపు కాగితం మీద సంతకం పెట్టేముందు జీతం ఎంతని అడుగుతున్నారు, చాలదంటే చాలదంటున్నారు. అది గర్వం కాదు, వారసత్వం. అయితే సంతలో కూరలమ్మే ముసలమ్మ దగ్గర పావలా కోసం గీసి గీసి బేరమాడేటప్పుడు మాత్రం, ఆమెకు కాదనే శక్తి ఉందో లేదో ఒకసారి చూడండి. కాదనలేనివారితో ఆడేది బేరం కాదని మత్రా పెద్దలు కూడా ఒప్పుకుంటారు.

నేను తిరిగి వచ్చేనాడు ఆ ముసలి సేటు దగ్గర పావుకిలో లుబాన్ కొన్నాను. రెండున్నర రియాళ్ళన్నాడు. రెండు అన్నాను. ఇచ్చాడు. ఇంటికి వచ్చి నాయనమ్మ పటం ముందు ఆ ధూపం వేశాను. అడిగాను నాయనమ్మా, అడిగి తెచ్చాను.